ఉప్పుగాలి ఊళ్లో రీవైరింగ్: గోడ సాకెట్ల బిగింపుపై దీర్ఘకాల వాడుక సమీక్ష

కాకినాడలోని మా ఇల్లు 1980లలో కట్టినది. అప్పటి అల్యూమినియం వైర్లను, చెక్క బోర్డులను, వాటి మీది నల్ల బేకలైట్ సాకెట్లను పూర్తిగా తీసేసి, కొన్నేళ్ల క్రితం ఇల్లంతా రాగి వైర్లతో రీవైరింగ్ చేయించి మాడ్యులర్ సాకెట్లు (ఫ్రేములో అమర్చి పైన ప్లేటు వేసే రకం) పెట్టించాం. దుకాణంలో ఎవరైనా ముందు చూసేది ప్లేటు రంగూ మెరుపూనే. ఇన్నేళ్లు వాడాక నా అభిప్రాయం మాత్రం వేరు. సాకెట్ మన్నిక కంపెనీ పేరు కంటే దాని వెనక గోడలో ఉన్న బాక్సు మీద, అందులోకి వచ్చిన వైరు మీద, ఆ వైరును పట్టుకున్న చిన్న మర మీద ఎక్కువగా ఆధారపడి ఉంటుంది. అందుకే ఇక్కడ రాస్తున్నది ఒక కంపెనీ సరుకు గురించి కాదు, బిగింపు గురించి.

ముందు బాక్సు సంగతి. కొత్త ఇంట్లోనైతే ప్లాస్టరింగుకు ముందే బాక్సులు అమరుస్తారు కాబట్టి మందం అంచనా తప్పే వీలుంది. రీవైరింగులో గోడ తలం కళ్లెదుటే ఉంటుంది కనుక బాక్సు అంచు దానితో సమంగా రావాలని మనం గట్టిగా అడగవచ్చు. బాక్సు లోతుకు పోతే ప్లేటు గోడకు ఆనినట్టే కనిపిస్తుంది గాని లోపలి ఫ్రేముకు పట్టు ఉండదు. ప్లగ్గు లాగిన ప్రతిసారీ ఫ్రేము ఊగి, దానితోపాటు వెనక వైర్లు కదిలి, క్రమంగా టెర్మినల్ (వైరు కొసను బిగించే చోటు) మరలు వదులవుతాయి. మా హాల్లో ఒక బాక్సు సుమారు అరంగుళం లోపలికి పోతే పనివారు పొడవాటి మరలతో సరిపెట్టారు. ఇంటి మొత్తంలో ఇవాళ్టికీ ఊగుతున్న ప్లేటు అదొక్కటే. బాక్సు కోసం గోడలో కొట్టిన గాడిని సిమెంటుతో పూడ్చేటప్పుడు బాక్సులో పాత కాగితాలు కుక్కడం కూడా మరిచిపోకూడని పని. లేకపోతే మర ఎక్కే చెవుల్లో సిమెంటు గడ్డకట్టి, మర సగం దాకానే పోతుంది. సముద్రం దగ్గరి ఊళ్లలో మరో చిక్కు ఏమిటంటే, బయటి గోడల్లోని ఇనుప బాక్సుల చెవులు, మరలు తుప్పుపట్టి ఒకదానికొకటి అతుక్కుపోతాయి. అలాంటి చోట్ల మేము స్టెయిన్‌లెస్ స్టీలు మరలకు మారాం, ఆ తరవాత ప్లేటు విప్పడం కష్టం కాలేదు.

ఇక వైరు. ఏసీకి 4 స్క్వేర్ ఎం.ఎం. (వైరులోని రాగి అడ్డుకోత వైశాల్యం), గీజరు వంటి మిగతా 16 ఆంపియర్ల పాయింట్లకు 2.5, మామూలు 6 ఆంపియర్ల పాయింట్లకు 1.5 వేయించి, ప్రతి సాకెట్‌కూ విడిగా ఆకుపచ్చ ఎర్తు వైరు లాగించాం. ఖర్చంతా ఇక్కడే పెట్టడం సబబు. కాని మంచి వైరు వేసినా, కొస దగ్గర పని చెడితే ఫలితం ఉండదు. వైరు మీది తొడుగును టెర్మినల్ లోతుకు సరిపడినంతే ఒలిచి, పోగులన్నీ కలిపి మెలిపెట్టి లోపలికి దూర్చాలి. మర రాగినే నొక్కాలి గాని తొడుగును నొక్కకూడదు. కన్నంలో పట్టడం లేదని నాలుగు పోగులు కత్తిరించే అలవాటు కొందరు పనివాళ్లకు ఉంది. దాన్ని ఒప్పుకోకూడదు, ఎందుకంటే వైరు సన్నబడిన ఆ చోటే వేడెక్కుతుంది. బిగించాక ప్రతి వైరునూ చేత్తో లాగి చూడడం ఉత్తమం.

గీజరు సాకెట్‌ను ఈ మధ్య మెయిన్ ఆపి విప్పించినప్పుడు ఈ విషయం కంటికే కనిపించింది. న్యూట్రల్ (కరెంటు తిరిగి వెళ్లే) వైపు వైరు కొత్తదానిలా ఉంది. ఫేజు (కరెంటు వచ్చే) వైపు మాత్రం టెర్మినల్ దగ్గర అంగుళం మేర ఎర్ర తొడుగు గోధుమ రంగుకు తిరిగి, గట్టిపడి, గోటితో గీకితే పెళుసుగా రాలింది. మరను తిప్పి చూస్తే ఇంకా దాదాపు అరచుట్టు బిగుసుకుంది, అంటే అంత వదులుగా ఉందన్నమాట. 2,000 వాట్ల గీజరు 230 వోల్టుల దగ్గర దాదాపు 8.7 ఆంపియర్లు లాగుతుంది. 16 ఆంపియర్ల సాకెట్‌కు అది లెక్కలోకి వచ్చే భారం కాదు. సాకెట్‌లో దోషం లేదు, వదులైన మరదే తప్పు. పాడైన కొసను కత్తిరించి, కొత్త రాగితో బిగించాక అదే సాకెట్ ఇప్పటికీ చల్లగా పనిచేస్తోంది. పోగుల వైరు మర కింద కొంత సర్దుకుంటుంది కాబట్టి, రీవైరింగ్ అయిన కొన్ని నెలలకు పెద్ద పాయింట్లన్నీ మరోసారి బిగించడానికి ముందే మాట్లాడుకోవడం మంచిది.

నేను కొనవద్దనేది ఒక్కటే, 6/16 కలిపి వచ్చే ఉమ్మడి సాకెట్. 6 ఆంపియర్ల ప్లగ్గు ఫేజు, న్యూట్రల్ పిన్నులు దాదాపు 5 మిల్లీమీటర్ల మందం, 16 ఆంపియర్ల ప్లగ్గువి దాదాపు 7. ఒకే రేకు రెండింటినీ పట్టుకోవాలి. మా వంటగదిలో ఒకే సాకెట్‌లో ఇండక్షన్ పొయ్యి, మిక్సీ మార్చి మార్చి పెట్టడంతో, లావు పిన్నుకు సాగిన రేకు సన్న పిన్నును సరిగా పట్టడం మానేసింది. మిక్సీ తిరుగుతున్నప్పుడు లోపల చిటపటమని శబ్దం వచ్చేది. ఇప్పుడు పొయ్యికి విడిగా 16, మిక్సీకి విడిగా 6 పెట్టించాం. చోటు ఎక్కువ పట్టినా వంటగదిలో ఇదే సరైన ఏర్పాటు.

బిగింపు పూర్తయ్యాక పరీక్షను చూపుతో సరిపెట్టకూడదు. సాకెట్‌కు ఎదురుగా నిలబడితే పెద్ద రంధ్రమైన ఎర్తు పైన, ఫేజు కుడివైపు, న్యూట్రల్ ఎడమవైపు ఉండాలి. తారుమారైనా పరికరం పనిచేస్తుంది, కాని పరికరం మీది స్విచ్ ఆపినా లోపల కరెంటు నిలిచే ఉంటుంది. నియాన్ టెస్టర్ ఫేజును చూపుతుంది గాని ఎర్తు ఉందో లేదో చెప్పదు. మా ఎలక్ట్రీషియన్ ప్రతి సాకెట్‌లోనూ ఫేజుకూ ఎర్తుకూ మధ్య టెస్ట్ ల్యాంపు తగిలించి చూశారు. ఎర్తు సరిగా ఉన్న ప్రతిచోటా 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే తనంతట పడిపోయి సరఫరా ఆపే స్విచ్) వెంటనే పడిపోయింది. రెండు చోట్ల పడలేదు. విప్పితే ఎర్తు వైరు బాక్సు దాకా వచ్చి టెర్మినల్‌కు కలపకుండా చుట్టి ఉంది. ఇన్వర్టర్ ఉన్న ఇళ్లకు ఇంకొక మాట: ఇన్వర్టర్ లైన్ల న్యూట్రల్‌ను మామూలు లైన్ల న్యూట్రల్‌తో ఏ బోర్డులోనూ కలపనివ్వకూడదు. మా పడకగదిలో ఒక బోర్డులో అలా కలిపేయడంతో, ఫ్యాను వేసినప్పుడల్లా ఆర్‌సీసీబీ పడిపోయి, కారణం దొరక్క అందరం ఆర్‌సీసీబీనే అనుమానించాం.

రంధ్రాలకు షట్టర్లు (ప్లగ్గు లేనప్పుడు మూసి ఉంచే లోపలి మూతలు) ఉన్న రకం పిల్లలున్న ఇంట్లో తప్పనిసరి. మొదట్లో ప్లగ్గు బిగుతుగా ఎక్కినా తరవాత సర్దుకుంది. తెల్ల ప్లేట్లు వంటగదిలో పసుపు తిరిగాయి, మిగతా గదుల్లో బాగానే ఉన్నాయి. అసలు ఇబ్బంది విడిభాగాలది. కంపెనీలు మోడళ్లు మార్చేస్తుంటాయి, ఒక మోడల్ సాకెట్ మరో మోడల్ ఫ్రేములో పట్టదు. వంటగది సాకెట్లు మార్చిన నాడు ప్లేటూ ఫ్రేమూ కూడా మార్చాల్సి వచ్చి, పక్కన బాగున్న స్విచ్‌లను సైతం తీసి పారేశాం. కొనేటప్పుడే ప్రతి రకంలో ఒకటి రెండు అదనంగా తీసుకుని, బిల్లుతో కలిపి అలమరలో పెట్టుకుంటే ఆ ఖర్చు తప్పుతుంది.