లిస్బన్: బస ఎక్కడ, భోజనం ఎక్కడ

పోర్చుగల్ రాజధాని లిస్బన్‌కు నాలుగైదు రోజుల కోసం వెళ్లదలచినవారు అన్నిటికంటే ముందు ఏ వీధిలో బస చేయాలో తేల్చుకోవాలి. చూడవలసిన కట్టడాల జాబితా ఆ తరువాత రాసుకున్నా నష్టం లేదు. టాగస్ నది ఒడ్డున గుట్టల మీదుగా పెరిగిన ఊరు కావడం వల్ల, ఫోనులోని పటంలో ఐదారు వందల మీటర్లుగా కనిపించే దూరం కాలినడకన వెళ్లేసరికి ఏటవాలు మెట్ల వరుసగా, అరిగి నున్నబడిన తెల్ల సున్నపురాతి ముక్కల కాలిబాటగా మారుతుంది, వాన పడితే ఆ రాళ్లు కాలు నిలవనివ్వవు. మోకాళ్ల నొప్పులున్న, గుడ్డు కూడా ముట్టని శాకాహారి అయిన మా అత్తగారు మాతో ఉన్నారు కాబట్టి, మా ప్రణాళిక అంతా ఎక్కుడు తక్కువగా ఉండే దారి ఏది, ఆవిడ తినగలిగే భోజనం ఎక్కడ అనే రెండు ప్రశ్నల చుట్టూ తిరిగింది. పెద్దవాళ్లను వెంటబెట్టుకొని వెళ్లేవారికి ఈ వివరాలు ఎక్కువగా పనికివస్తాయి.

ప్రయాణ సన్నాహాల గురించి క్లుప్తంగా చెబుతాను. హైదరాబాదు నుంచి లిస్బన్‌కు నేరుగా విమానం లేదు. దుబాయి మీదుగానో, ఫ్రాంక్‌ఫర్ట్ మీదుగానో వెళ్లడం సుళువు. పోర్చుగల్, జర్మనీ సహా చాలా ఐరోపా దేశాలకు కలిపి ఇచ్చే షెంగెన్ వీసాకు పెద్దవారికి 90 యూరోల రుసుము, కనీసం 30,000 యూరోల వైద్య ఖర్చులకు వర్తించే ప్రయాణ బీమా అవసరం. ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచే దరఖాస్తు చేసుకోవచ్చు కనుక చివరి వారాల దాకా ఆగవలసిన పని లేదు. ఏప్రిల్, మే, సెప్టెంబరు, అక్టోబరు నెలలు తిరగడానికి హాయిగా ఉంటాయి. జూన్ 12 రాత్రి సెయింట్ ఆంథోనీ పండుగకు పాత పేటల్లో వీధివీధినా సార్డీన్ చేపలు కాలుస్తారు. ఆ సందడి కావాలనుకునేవారికి అదే సరైన సమయం, నిద్ర కావాలనుకునేవారు మాత్రం ఆ వారాన్ని వదిలేయడం మంచిది.

ఇక బస సంగతి. 1755 నవంబరు 1న వచ్చిన భూకంపం, దాని వెంటనే ముంచుకొచ్చిన సునామీ, ఆపై రోజుల తరబడి రగిలిన మంటలు నగరంలో అధిక భాగాన్ని తుడిచిపెట్టాయి. ఆ తరువాత నది పక్కన పల్లంలో, మంత్రి పోంబాల్ హయాంలో, గళ్ల కాగితం మీద గీసినట్టుగా తీర్చిన పేట పేరు బైషా. గోడల లోపల చెక్కతో అల్లిన చట్రం ఉండేలా అప్పట్లో ఈ ఇళ్లు కట్టారు. భూమి కంపించినా గోడలు ఊగి నిలబడతాయని వారి ఆలోచన. మేము మొదట ఈ పేటలోనే ఒక అద్దె అపార్ట్‌మెంట్ తీసుకున్నాము. ప్రకటనలో లిఫ్ట్ ఉందని రాసిన మాట అబద్ధం కాదు, అయితే ఆ లిఫ్ట్ దాకా చేరడానికే వీధి తలుపు నుంచి నిటారుగా ఉన్న చెక్కమెట్ల వరుస ఒకటి ఎక్కాలని ఎక్కడా రాయలేదు. తాళం చెవి గోడకున్న అంకెల పెట్టెలో ఉంటుంది, మనిషి ఎవరూ కనిపించరు, ఫోనులో సందేశం పంపితే జవాబు తీరిగ్గా వస్తుంది. గది మాత్రం శుభ్రంగా ఉంది, వంటగదిలో కుక్కరు లేకపోయినా మూత ఉన్న గిన్నె దొరికింది కాబట్టి అన్నం వండుకోగలిగాము.

తరువాత సల్దాన్యా కూడలి దగ్గరి ఒక మామూలు హోటల్‌కు మారాము కనుక రెండింటినీ పోల్చే అవకాశం కలిగింది. సల్దాన్యాలో పాత లిస్బన్ అందమేమీ లేదు. వెడల్పాటి రోడ్లు, ఆఫీసులు, సూపర్ మార్కెట్లు, చాలావరకు చదునైన నేల. అయితే విమానాశ్రయం నుంచి వచ్చే ఎర్ర మెట్రో లైను మారనవసరం లేకుండా నేరుగా అక్కడికే తీసుకువస్తుంది, పసుపు లైను కూడా అక్కడే కలుస్తుంది. ఖాళీ చేసిన రోజున సామాను దాచిపెట్టడానికి రిసెప్షన్‌లో మనిషి ఉంటారు. ఉదయం పళ్లు, పెరుగు, రొట్టె, జున్ను ఉన్న అల్పాహారంతో అత్తగారికి మధ్యాహ్నం దాకా దిగులు లేకపోయింది. పెద్దవాళ్లతో వెళ్లేవారికి నా ఓటు సల్దాన్యాకే. పడుచు దంపతులైతే బైషాలో ఉండవచ్చు. అల్ఫామా పేటలో బస ఫోటోల్లో ఎంత ముచ్చటగా కనిపించినా, చక్రాల పెట్టెతో ఆ మెట్ల సందుల్లోకి వెళ్లడం శిక్ష, టాక్సీ కూడా చాలా ఇళ్ల గుమ్మం దాకా రాలేదు. బైరో ఆల్టో అంతా బార్ల పేట, అక్కడ అర్ధరాత్రి దాటినా వీధి సద్దుమణగదు. ఎక్కడ దిగినా మనిషికి రాత్రికి 4 యూరోల నగర పర్యాటక పన్ను అదనంగా కట్టాలి, పదమూడేళ్లలోపు పిల్లలకు మినహాయింపు ఉంది.

తిరగడానికి నవేగాంతె అనే కార్డు కొనుక్కొని డబ్బు నింపుకుంటే మెట్రో, బస్సు, ట్రాము, నది దాటే పడవ, దగ్గరి సింత్రా ఊరికి వెళ్లే రైలు అన్నిటికీ అదే సరిపోతుంది. కార్డు ధర అర యూరో, అయితే మనిషికొకటి విడివిడిగా తీసుకోవాలి. లిస్బన్ అనగానే అందరూ చెప్పే 28వ నంబరు పసుపు ట్రాము నిజంగానే ముచ్చటైనది; 1930ల నాటి చెక్క పెట్టెలవి, గోడకు చెయ్యి ఆనేంత ఇరుకు సందుల్లో కీచుమంటూ మలుపు తిరుగుతాయి. కానీ పగటిపూట అది బయలుదేరే మార్టిం మోనిజ్ కూడలి దగ్గర దానికోసం నిలబడే వరుస చూస్తే సరదా చచ్చిపోతుంది, లోపల జేబుదొంగల బెడద కూడా తక్కువ కాదు. ఉదయం ఎనిమిదిలోపు వెళితే కూర్చోవడానికి చోటు దొరుకుతుంది, లేదంటే అలాంటి పెట్టెలే నడిచే 12, 24 నంబర్ల ట్రాములు ఎక్కితే ఆ సరదా ఎలాగూ తీరుతుంది. గుట్ట ఎక్కే ఫునిక్యులర్ బండ్లలో ఒకటైన గ్లోరియా 2025 సెప్టెంబరులో పట్టు తప్పి పదహారుగురు ప్రాణాలు కోల్పోయారు కాబట్టి, ఏవి నడుస్తున్నాయో బయలుదేరే ముందు కనుక్కోవాలి.

ఎక్కుళ్లను తప్పించుకునే ఉపాయాలు ఆ ఊళ్లోవారికి బాగా తెలుసు. బైషా నుంచి పైనున్న షియాదో పేటకు వెళ్లాలంటే బైషా-షియాదో మెట్రో స్టేషన్‌లోని పొడవాటి ఎస్కలేటర్లు ఒకదాని తరువాత ఒకటి పైకి చేరుస్తాయి. గుట్ట మీదున్న సావ్ జార్జ్ కోట వైపు వెళ్లేవారికి ఫాంకేరోస్ వీధిలోని ఒక భవనంలో ఉచిత లిఫ్ట్ ఉంది. అది దిగి నాలుగడుగులు వేస్తే సూపర్ మార్కెట్ ఉన్న పాత సంత భవనంలో రెండో లిఫ్ట్ దొరుకుతుంది. అత్తగారు ఈ రెండింటితో కోట గుమ్మం దగ్గరి దాకా పెద్దగా ఆయాసపడకుండానే వచ్చారు. టికెట్టు పెట్టి కోట లోపలికి వెళ్లడం కంటే, పోర్తాస్ దొ సోల్, సాంతా లూజియా అనే వ్యూపాయింట్లలో కూర్చొని ఎర్ర పెంకుల కప్పులను, వాటి అవతల నదిని ఉచితంగా చూడడమే మేలని నాకు అనిపించింది.

బెలెం పేటకు మాత్రం ఒక పూట పూర్తిగా కేటాయించాలి. 15వ నంబరు ట్రాము నది వెంబడి అక్కడికి వెళుతుంది. రాజు మొదటి మాన్యుయెల్ హయాంలో 1501లో పని మొదలైన జెరోనిమోస్ మఠానికి ఖర్చులో పెద్ద వాటా తూర్పు దేశాల సుగంధ ద్రవ్యాల వ్యాపారం మీద వసూలు చేసిన సుంకం నుంచే వచ్చింది. అంటే మన మలబారు తీరంలోని మిరియాల సొమ్ము అక్కడ రాతి తాళ్లుగా, రాతి ముడులుగా, సముద్రపు మొక్కలుగా చెక్కుడు పొందిందన్నమాట. మఠానికి ఆనుకొని ఉన్న చర్చిలో, అడుగుపెట్టగానే వాస్కో డ గామా సమాధి, దానికి ఎదురుగా కవి కమోయిష్ సమాధి కనిపిస్తాయి. గామా 1524లో కొచ్చిన్‌లో చనిపోగా మొదట అక్కడే పాతిపెట్టి, 1539లో అవశేషాలను పోర్చుగల్‌కు తరలించారు. తెల్లరాతి సమాధి పక్కన ఓడ బొమ్మ చాలా సున్నితంగా చెక్కి ఉంది. 1502లో మక్కా యాత్రికులతో తిరిగివస్తున్న ఓడను మనుషులతో సహా ఇతనే తగలబెట్టించాడని చదివి ఉన్న భారతీయులకు, ఆ నునుపైన రాయి ముందు చేతులు కట్టుకొని నిలబడడం అంత తేలిక కాదు. మఠం లోపలి రెండంతస్తుల వసారాకు టికెట్టు ఉంది, ముందే ఆన్‌లైన్‌లో కొనుక్కోవాలి, సోమవారం సెలవు. నది ఒడ్డునున్న బెలెం బురుజును బయటి నుంచి చూస్తే చాలు.

ఆ మఠానికి కూతవేటు దూరంలో 1837 నుంచి నడుస్తున్న పాస్తేయిష్ దె బెలెం దుకాణం ఉంది. వీధిలో కనిపించే వరుస కట్టించుకొని వెళ్లేవారిది. లోపల నీలి పలకలు అతికించిన గదులు ఒకదాని వెనక ఒకటి ఉంటాయి, కూర్చొని తినేవారికి చోటు తొందరగానే దొరుకుతుంది. అరచేతిలో ఇమిడే పలుచని పొరల గిన్నెలో గుడ్డు పచ్చసొన, పాలు, పంచదారల పాకం పోసి, పైన అక్కడక్కడా నల్లని మచ్చలు పడేదాకా కాలుస్తారు. బల్ల మీదున్న దాల్చినచెక్క పొడి చల్లుకొని వేడిగా ఉండగానే కొరికితే పొరలు పొడిపొడిగా రాలి ఒళ్లో పడతాయి. చల్లారాక తింటే సగం రుచి పోయినట్టే. గుడ్డు తిననివారు దీన్ని తప్పనిసరిగా వదులుకోవాలి. అత్తగారు బీకా అనే చిక్కటి కాఫీకి విడిగా వేడిపాలు తెప్పించుకొని, మా తిండి చూస్తూ కూర్చున్నారు.

భోజనానికి తాష్కా అని పిలిచే చిన్న కుటుంబ హోటళ్లు వెతుక్కోవాలి. కాగితం పరిచిన బల్లలు, గోడ మీద చేత్తో రాసిన ఆనాటి వంటకాల పట్టిక, మధ్యాహ్నం పన్నెండున్నర నుంచి పక్క ఆఫీసుల జనం వస్తూ ఉంటే అది మంచి చోటని అర్థం. ఆనాటి ప్రత్యేక వంటకం మధ్యాహ్నం పది, పన్నెండు యూరోలకు వస్తుంది, అదే తిండి రాత్రి పర్యాటకుల వీధిలో అంతకు రెట్టింపు అవుతుంది కనుక, కడుపునిండా తినడం మధ్యాహ్నమే పెట్టుకోవడం లాభం. కూర్చోగానే అడగకుండానే రొట్టె, ఆలివ్ కాయలు, జున్ను తెచ్చి పెడతారు. అవి ఉచితం కావు. ముట్టుకుంటేనే బిల్లులో వేస్తారు, వద్దంటే మొహం మాడ్చుకోకుండా తీసుకుపోతారు. ఉప్పు పట్టించి ఎండబెట్టిన కాడ్ చేప వీరి ప్రాణం. ఆర్సెనాల్ వీధిలోని దుకాణాల ముందు నిలువునా పేర్చిన ఆ చేపల వాసన మన కోస్తా ఊళ్లలోని ఎండుచేపల సంతను తలపిస్తుంది. రోజంతా నీళ్లలో నానబెట్టి ఉప్పు తీసి, సన్నని బంగాళాదుంప వేపుళ్లతో, గుడ్డుతో కలిపి చేసే ‘బకల్యావ్ ఆ బ్రాష్’ అనే వంటకం తొలిసారి తినేవారికి తగినది. మిరపకారం పట్టించి కాల్చే పిరి పిరి కోడి మీద ఆశ పెట్టుకోకండి. మిరపను మన దేశానికి తెచ్చినవారు పోర్చుగీసులే అయినా, గుంటూరు కారం తిన్న నాలుకకు అది చప్పగానే ఉంటుంది.

శాకాహారులకు ఈ ఊళ్లో అసలు ఇబ్బంది సూపులతో వస్తుంది. ఆకుకూర, బంగాళాదుంపలతో చేసే కాల్దు వెర్దె చూడడానికి పక్కా శాకాహారమే, కానీ అందులో పంది మాంసపు సాసేజి ముక్క వేయడం ఆనవాయితీ. గోవా, మొజాంబిక్‌ల మీదుగా వచ్చి కాఫీ దుకాణాల్లో స్థిరపడిన చముసా మన సమోసాయే, కాకపోతే లోపల ఎక్కువగా మాంసమే ఉంటుంది కాబట్టి అడిగి తినాలి. మార్టిం మోనిజ్, మోరారియా ప్రాంతంలో భారతీయ, బంగ్లాదేశీ, నేపాలీ హోటళ్లు, కిరాణా దుకాణాలు వరుసగా ఉన్నాయి, పప్పు, బియ్యం, పచ్చిమిర్చి అన్నీ దొరుకుతాయి. ఊరి ఉత్తరాన, మొజాంబిక్ నుంచి వలస వచ్చిన గుజరాతీలు ప్రధానంగా ఉన్న హిందూ సమాజం కట్టుకున్న రాధాకృష్ణ మందిరంలో శాకాహార భోజనశాల కూడా ఉంది. అది మహాత్మా గాంధీ పేరు పెట్టిన వీధిలో ఉంది. వెళ్లే ముందు వేళలు కనుక్కుంటే మంచిది.

సింత్రాకు రోసియో స్టేషన్ నుంచి రైలు నలభై నిమిషాలు. అక్కడి రంగురంగుల పేనా రాజభవనానికి టికెట్టు మీద వేళ రాసి ఉంటుంది. స్టేషన్ నుంచి ఎక్కే బస్సు వరుస పొడవు, గేటు నుంచి భవనం దాకా ఎక్కుడు రెండూ లెక్కలో వేసుకొని తొలి వేళే తీసుకోవాలి. మోకాళ్ల నొప్పులున్నవారికి నేను దీన్ని సిఫారసు చేయను. ఆ పూట అత్తగారు, మా ఆవిడ కైస్ దొ సొద్రే రేవు నుంచి నది అవతలి కసీలియాస్‌కు పడవలో వెళ్లివచ్చారు. పది నిమిషాల ప్రయాణం, ఖర్చు నామమాత్రం, ఊరంతా ఒక్క చూపులో కనిపిస్తుంది, పక్కనే 1966లో కట్టిన ఎర్ర వేలాడే వంతెన. రాత్రి మా వైపు కబుర్లు, వారి వైపు కబుర్లు పోల్చుకుంటే వారిదే మంచి బేరమని తేలింది.

తిరుగు ప్రయాణంలో ఒక చిన్న లెక్క ఉంది: షెంగెన్ దేశాల నుంచి బయటపడే చోటే పాస్‌పోర్టు తనిఖీ ఉంటుంది. దుబాయి మీదుగా వెళితే పాస్‌పోర్టు తనిఖీ లిస్బన్‌లోనే జరుగుతుంది, ఆ వరుస కొన్ని వేళల్లో గంట దాటుతుంది. ఫ్రాంక్‌ఫర్ట్ మీదుగా అయితే ఆ తనిఖీ అక్కడ ఉంటుంది కనుక విమానం మారడానికి కనీసం రెండున్నర గంటల వ్యవధి ఉన్న టికెట్టే కొనాలి.