నల్లమల మంటల లెక్కకు మోడిస్సా, వీర్సా?

వేసవిలో నల్లమలలో రేగే కార్చిచ్చు చాలావరకు నేలమీది ఎండుటాకుల్లోనే పాకుతుంది. అలాంటి చిన్న మంటలను పట్టాలంటే, ఉపగ్రహాల మీదుండి మంటల వేడిని గుర్తించే మోడిస్, వీర్స్ పరికరాల్లో నా ఓటు వీర్స్‌కే. దాని పిక్సెల్, అంటే చిత్రంలోని ఒక గడి, వెడల్పు 375 మీటర్లు, మోడిస్‌ది కిలోమీటరు. అంటే మోడిస్ ఒక గడిగా చూసే చోట వీర్స్‌కు దాదాపు ఏడు గడులు. మోడిస్‌కు ఆనని తునికాకు మంట వీర్స్ మ్యాప్‌లో చుక్కగా కనబడొచ్చు. రాత్రిపూట ఇంకా నయం.

అయితే పాతికేళ్ల ధోరణి చూడాలంటే మోడిస్‌ను వదలలేం. దాన్ని మోసే ఉపగ్రహాలు టెర్రా 1999లో, ఆక్వా 2002లో నింగికి వెళ్లాయి. వీర్స్ ఉన్న సుయోమీ ఎన్‌పీపీ 2011లో వెళ్లింది. ఇక్కడే పప్పులో కాలేసే ప్రమాదం: ముందు మోడిస్ చుక్కలు, తర్వాత వీర్స్ చుక్కలు కలిపి గ్రాఫ్ గీస్తే, అడవిలో ఏ మార్పూ లేకున్నా మంటలు పెరిగినట్టే కనిపిస్తుంది. పైగా టెర్రా, ఆక్వా ముసలివయ్యాయి, కక్ష్య జారి అవి మన మీదుగా దాటే వేళలూ మారాయి.

మబ్బు రెండింటికీ అడ్డే. ఉపగ్రహం రాని వేళ పుట్టి ఆరిన మంటా అంతే.

కాలిన విస్తీర్ణమే కావాలంటే సెంటినెల్-2 ఉపగ్రహ చిత్రాలు మేలు, 10-20 మీటర్ల వివరం ఉంటుంది. చుక్కల్ని లెక్కపెట్టి హెక్టార్లు చెప్పే పేపర్లను నేనైతే నమ్మను.