రెండో కాన్పు కోసం హెల్త్ పాలసీ తీసుకునేవాళ్లు జాగ్రత్త, మాకు జరిగింది చదవండి

మా విజయవాడలో బెంజ్ సర్కిల్ వైపు అపార్ట్‌మెంట్లలో ఉండేవాళ్లకి ఆ ఏజెంట్ తెలిసే ఉంటాడు, ఎవరైనా రెండోదానికి ప్లాన్ చేస్తున్నారని వాసన తగిలితే చాలు ఫోన్ వచ్చేస్తుంది. కంప్లయింట్ పెట్టాను కాబట్టి పేరు గానీ కంపెనీ గానీ ఇక్కడ రాయట్లేదు. మెటర్నిటీ కవర్ ఉందని చెప్పి మా దగ్గర 62 వేలు కట్టించుకున్నాడు. నాకిప్పుడు ఏడో నెల. ఈ డెలివరీకి ఆ పాలసీ నుంచి ఒక్క రూపాయి కూడా రాదని ఇవాళ హాస్పిటల్లో తెలిసింది. కోపం ఇంకా దిగలేదు, అటూ ఇటూగా రాస్తే ఏమనుకోకండి.

పెద్దోడప్పుడు మా ఆయన కంపెనీ ఇన్సూరెన్స్ ఉండేది, వెయిటింగ్ (పాలసీ తీసుకున్నాక ఇన్ని నెలలు ఆగితేనే కవర్ అనే షరతు) లాంటివేవీ లేవు, సిజేరియన్ అయినా మా జేబులోంచి పెద్దగా పోలేదు. తర్వాత ఆయన మారిన చోట గ్రూప్ ఇన్సూరెన్స్ లేదు. మొదటిది ఆపరేషన్ కాబట్టి రెండోది కూడా అదే కావచ్చని డాక్టరమ్మ ముందే చెప్పారు, మేం చూపించుకునే చోట రూమూ అదీ కలిపి లక్ష దాటుతుంది. అందుకే ఎప్పటినుంచో కూడబెడుతున్నాం. ఉయ్యాల, దోమతెర, పెద్దోడి స్వెట్టర్లు అన్నీ ఉతికి అటక మీద దాచాను, బయట తిండి మానేశాం, చీటీ పాడితే వచ్చిన డబ్బు ముట్టుకోకుండా పక్కన పెట్టాం. ఆ చీటీ డబ్బే ఇతనికి కట్టింది.

మా ఆయన పాత ఆఫీసు ఫ్రెండ్ ద్వారా వచ్చాడు. వచ్చిన రోజు నుంచీ ఈయన్ని అన్నా అని, నన్ను వదినా అని పిలుపు, పెద్దోడికి చాక్లెట్లు. సోఫాలో కూర్చుని నాకెదురుగా చెప్పాడు, "వదినా, తొమ్మిది నెలలు దాటితే చాలు, మెటర్నిటీ స్టార్ట్ అయిపోద్ది, మీరు నిశ్చింతగా ప్లాన్ చేసుకోండి" అని. తొమ్మిది నెలల వెయిటింగ్ ఉన్న పాలసీలు మార్కెట్లో నిజంగానే ఉన్నాయి, కాబట్టి అనుమానం రాలేదు. రెండేళ్లది ఒకేసారి కడితే డిస్కౌంట్ వస్తుందని రెండేళ్లదీ కట్టించాడు. మేం ఆ మాట పట్టుకుని, డెలివరీ టైముకి తొమ్మిది నెలలు దాటేలా లెక్క చూసుకుని మరీ రెండోదానికి వెళ్లాం. బిడ్డని ఎప్పుడు కనాలో అతని మాట మీద నిర్ణయించుకున్నామండీ, ఒక ఇంటి విషయంలో ఇంతకంటే నమ్మకం ఏముంటుంది?

ఇంకో సంగతి ఇప్పుడు అర్థమవుతోంది. నేను వాట్సాప్‌లో టైప్ చేసి ఏది అడిగినా టైప్ చేసి జవాబు పెట్టేవాడు కాదు, రెండు నిమిషాల్లో ఫోన్ చేసేవాడు. అతను రాసిన మాట ఒక్కటీ నా దగ్గర లేదు.

ఇవాళ చెకప్ అయ్యాక, క్యాష్‌లెస్ అంటే హాస్పిటల్ బిల్లు కంపెనీయే నేరుగా కట్టేస్తుంది కదా, ఆ సంగతి ముందే కనుక్కుందామని ఇన్సూరెన్స్ డెస్క్ దగ్గరికి వెళ్లాను, మా అమ్మ కూడా ఉంది. అక్కడున్న అమ్మాయి నా ప్లాస్టిక్ కార్డు చూసి, ఇది కాదండీ, పాలసీ కాపీ కావాలి అంది. అతను మాకిచ్చింది ఆ కార్డొక్కటే. సరేనని కస్టమర్ కేర్‌కి ఫోన్ చేస్తే, డాక్యుమెంట్ మీ మెయిల్‌కి ఎప్పుడో పంపామండీ అని మెయిల్ ఐడీ చదివారు. అది మాది కాదు! అతని విజిటింగ్ కార్డు మీద ఉన్న మెయిల్ ఐడీ అది. ఓటీపీ కోసం ఫోన్ నంబరు మాత్రం మాది పెట్టి, మెయిల్ దగ్గర తనది కొట్టుకున్నాడన్నమాట. చివరికి వాళ్లు నా వాట్సాప్‌కి పీడీఎఫ్ పంపితే డెస్క్ అమ్మాయే పేజీలు జరుపుతూ వెతికి ఒక లైను మీద వేలు పెట్టి చూపించింది. మెటర్నిటీ వెయిటింగ్ పీరియడ్ 36 నెలలు. దాని కిందే సిజేరియన్‌కి లిమిట్ 50 వేలు. అంటే మూడేళ్లు ఆగినా సగం కూడా రాదు.

అక్కడే నిలబడి ఫోన్ చేశాను, స్పీకర్‌లో పెట్టి. వదినా పోయింది, మేడమ్ వచ్చింది. "నేను తొమ్మిది అని ఎప్పుడన్నాను మేడమ్? డాక్యుమెంట్ మెయిల్‌లో వచ్చింది కదా, చదువుకోవాల్సింది మీరే" అన్నాడు. ఆ మెయిల్ మాది కాదు, నీ ఆఫీసుది, ఇప్పుడే కంపెనీ వాళ్లు చదివి చెప్పారు అన్నాను. కాసేపు చప్పుడు లేదు. తర్వాత నవ్వుతూ అన్నాడు, "సరే పోనివ్వండి మేడమ్, దీనికి కాకపోతే మూడోదానికి పనికొస్తది."

ఏడో నెల కడుపుతో నిలబడి ఉన్న మనిషితో, పక్కన కన్నతల్లి వింటుండగా అన్న మాట అది. మా అమ్మ ముఖం మాడిపోయింది, ఆ డెస్క్ అమ్మాయి తల దించుకుంది. డబ్బు సంగతి దేవుడెరుగు, ఆ నవ్వు మాత్రం ఇంకా చెవిలోనే ఉంది. రెండోదానికే ఇంత లెక్కలేసుకుని ముందుకెళ్లిన ఇల్లని అతనికి బాగా తెలుసు, మా సోఫాలో కూర్చునే కదా ఆ లెక్కలు విన్నాడు. తెలిసే అన్నాడు.

ఇంకా భయం పెట్టింది ఏంటంటే మా పాలసీలో పుట్టిన బిడ్డకి మొదటి రోజు నుంచి కవర్ రావాలంటే మెటర్నిటీ క్లెయిమ్ పాస్ అవ్వాలి, లేకపోతే 90 రోజులు దాటాకే చేర్చుకుంటారు. పెద్దోడు పుట్టినప్పుడు కామెర్లని లైటు కింద పెట్టారు, ఆ బిల్లు విడిగా వచ్చింది. ఈసారి అలాంటిది ఏదైనా వస్తే అదీ మా నెత్తినే. రాగానే ఆయనతో కూర్చుని లెక్కేశాం, ఉన్న చీటీలో మిగిలింది, ఆయన పీఎఫ్‌లోంచి కొంత తీస్తే గానీ కుదరదు.

కంపెనీలో ఫిర్యాదులు చూసే గ్రీవెన్స్ ఆఫీసర్‌కి మధ్యాహ్నమే మెయిల్ పెట్టాను, ప్రపోజల్ ఫారంలో (పాలసీ కోసం పెట్టే దరఖాస్తు) ఉన్న ఆ మెయిల్ ఐడీ, అతని విజిటింగ్ కార్డు ఫొటో పక్కపక్కన పెట్టి. పాలసీ నచ్చకపోతే వెనక్కి ఇచ్చేయడానికి ఫ్రీ లుక్ అని 30 రోజులు ఉంటుంది, అది డాక్యుమెంట్ మన చేతికి అందిన రోజు నుంచి లెక్క. మాకు అందిందే ఇవాళ, కాబట్టి నా 30 రోజులు ఇవాళ్టి నుంచే మొదలవ్వాలి అని రాశాను. నెలలోపు తేల్చకపోయినా, కాదన్నా, హైదరాబాద్‌లో ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్ ఆఫీసు ఉంది, బీమా కంపెనీలతో గొడవలు విని తేల్చేది, ఆంధ్రాకీ తెలంగాణకీ అదే, ఫీజు లేదు, లాయర్ అక్కర్లేదు, కంపెనీ కాదన్న ఏడాదిలోపు వెళ్లాలి. నేను వెళ్తాను. ఎంత తిరగాల్సి వచ్చినా సరే, ఈ కడుపుతో తిరగలేకపోతే మా ఆయన తిరుగుతారు.

మీరు ఇప్పుడు తీసుకునే ఆలోచనలో ఉంటే, డబ్బు కట్టకముందే వెయిటింగ్ ఎన్ని నెలలు, సిజేరియన్‌కి ఎంత, పుట్టిన బిడ్డకి ఎప్పటినుంచి అనే మూడూ రాతలో అడగండి, ఫోన్ చేస్తే ఎత్తకండి. ప్రపోజల్ ఫారంలో మెయిల్ మీదో కాదో చూడండి. పాలసీతో పాటు కస్టమర్ ఇన్ఫర్మేషన్ షీట్ అని వస్తుంది, 2024 జనవరి నుంచి కొత్త ఫార్మాట్‌లో అందరికీ ఇవ్వాలి, వెయిటింగ్ పీరియడ్‌లు అందులో విడిగా ఉంటాయి, ముందు అదే చదవండి. భార్యాభర్తల్లో ఎవరికైనా ఆఫీసు గ్రూప్ ఇన్సూరెన్స్ ఉంటే మెటర్నిటీకి అదే నయం, చాలావాటిలో వెయిటింగ్ ఉండదు, ఇద్దరు పిల్లల వరకు ఇస్తారు. కంప్లయింట్ పెట్టాలంటే బీమా కంపెనీలను నియంత్రించే ప్రభుత్వ సంస్థ ఐఆర్‌డీఏఐ వాళ్ల బీమా భరోసా పోర్టల్, లేదా 155255కి ఫోన్.

అతని దగ్గర ఈ మధ్యే తీసుకున్నవాళ్లు ఎవరైనా ఉంటే ఇవాళే కస్టమర్ కేర్‌కి ఫోన్ చేసి మీ పేరు మీద ఏ మెయిల్ ఐడీ ఉందో అడగండి, పీడీఎఫ్ తెప్పించుకోండి. 30 రోజులు దాటకపోతే పాలసీ రద్దు చేసుకోవచ్చు, అప్పటిదాకా కవర్ ఉన్న రోజులకీ, మెడికల్ టెస్టులు చేసి ఉంటే వాటికీ, స్టాంప్ ఖర్చుకీ పట్టుకుని మిగతాది వెనక్కి ఇవ్వాలి. మెయిల్ మీది కాదని తేలితే స్క్రీన్‌షాట్ తీసి నాకు పంపండి, నా కంప్లయింట్‌తో పాటు జత చేస్తాను.