అలల సూచన: అంతర్వేది బోటువాళ్ల అనుభవం

మాది అంతర్వేది పల్లిపాలెం. ముందురోజు సాయంత్రం ఇన్‌కాయిస్ (సముద్ర సమాచారం ఇచ్చే కేంద్ర ప్రభుత్వ సంస్థ) అలల సూచన చూడనిదే మా నాన్న బోటులోకి వల ఎక్కించనివ్వరు. పైసా ఖర్చు లేదు.

ఈ సూచన లెక్కల్ని ఉపగ్రహ రాడార్ కొలతలతో సరిచూస్తారు. 2013లో శ్రీహరికోట నుంచి వెళ్లిన సరళ్ అలాంటి ఉపగ్రహమే. ఇలాంటి రాడార్ సముద్రం మీదికి రేడియో తరంగం వదులుతుంది. నీళ్లు నున్నగా ఉంటే అది ఒక్కసారిగా తిరిగొస్తుంది. అలలుంటే ముందు శిఖరాల్ని, తర్వాత పల్లాల్ని తాకి సాగుతూ వస్తుంది. ఆ సాగుడును బట్టే అల ఎత్తు కడతారు. ఎంత బాగుందో!

మొన్న ఆషాఢంలో రెండున్నర మీటర్లని చూసి ఆగిపోయాం. మధ్యాహ్నానికి రేవులో కట్టేసిన బోటే తాడు తెంపుకునేలా ఊగింది.

వశిష్ఠ గోదావరి సముద్రంలో కలిసే మొగలో మాత్రం ఇదొక్కటే చాలదు. ఒడ్డు దగ్గరపడేకొద్దీ నేల అడ్డొచ్చి రాడార్ కొలత చెడుతుంది, ఇసుక మేటలూ జరుగుతుంటాయి. అక్కడ మా నాన్న నిలబడి చూశాకే ఇంజన్ వేస్తాం.