నుసా పెనిడాలో రెండు డైవ్ షాపులు, ఒక ఫిన్

బాలిలో మొదటి నాలుగు రోజులు హాయిగా గడిచాయి. ఉబుద్ గురించి, వరి మళ్ల గురించి అందరూ రాశారు కాబట్టి వదిలేస్తున్నాను. నా కడుపుమంటంతా పక్కనున్న నుసా పెనిడా దీవిలో ఒక డైవ్ షాపు మీద, అంటే వీపుకు గాలి సిలిండర్ కట్టి సముద్రం లోపలికి తీసుకెళ్లే షాపు మీద. రెండు డైవ్‌లకు మనిషికి 11 లక్షల రుపయా తీసుకున్నారు. లక్షలని కంగారు పడకండి, అప్పుడు మన రూపాయికి 185 దాకా వచ్చేవి. అంటే ఆరు వేల లోపే. ఆ చవకే మా కొంప ముంచింది.

వెళ్లింది నేను, మా ఆవిడ, బావమరిది. నాకూ బావమరిదికీ అండమాన్‌లోని హేవ్‌లాక్‌లో చేసిన ఓపెన్ వాటర్ సర్టిఫికెట్, అంటే డైవింగ్‌లో మొదటి మెట్టు, ఇరవై చిల్లర డైవ్‌లు ఉన్నాయి. ఆవిడ నీళ్లలో దిగదు. బాలి ఒడ్డున ఉన్న సానూర్ నుంచి స్పీడ్ బోటుకు తలా 1.75 లక్షలు, ముప్పావు గంట ప్రయాణం. రాఖీ పౌర్ణమి ఆ దీవిలోనే చేసుకున్నాం. మా డైవ్ మర్నాడు.

తప్పంతా ఆ తేదీలోనే ఉంది. పౌర్ణమికీ అమావాస్యకీ ఆటుపోట్లు పెద్దవని మన ఊళ్లో ఏ జాలరిని అడిగినా చెబుతాడు. పైగా పెనిడా ఉన్నది బాలికీ లొంబోక్‌కీ మధ్య జలసంధిలో. పసిఫిక్ నుంచి హిందూ మహాసముద్రంలోకి నీళ్లు వచ్చే దారుల్లో అదొకటి. "రేపు కరెంట్ ఎలా ఉంటుంది?" అని, అంటే నీటి ప్రవాహం గురించి, అడిగితే షాపువాడు "నో ప్రాబ్లం" అన్నాడు. "నీళ్లలో కరెంటేంటి, షాక్ కొడుతుందా?" అని మా ఆవిడ నవ్వింది.

ఐదుగురికి ఒకడే గైడ్. బోటులో రెండు నిమిషాలు ఏదో చెప్పాడు. పైకి వచ్చాక బోటుకు కనిపించేలా ఎగరేసే గాలి గొట్టం, అదే ఎస్సెంబీ, మాకేదని అడిగితే తన దగ్గర ఒకటుందన్నాడు. దిగింది క్రిస్టల్ బేలో. ఆగస్టులో మోలా మోలా చేప కోసం అందరూ అక్కడికే పోతారు.

14 మీటర్ల దగ్గర ఉన్నట్టుండి నీళ్లు ఐస్‌లా తగిలాయి. నేను వదిలిన బుడగలు పైకి పోవడం లేదు. ముఖం ముందు సుళ్లు తిరిగి, మాస్క్ పక్క నుంచి కిందికి జారిపోతున్నాయి. లోతు చూపించే డైవ్ కంప్యూటర్ చూస్తే 17, మళ్లీ చూస్తే 22. మా సర్టిఫికెట్‌కి హద్దు 18 మీటర్లు. నేనొక రాయి పట్టుకున్నాను. బావమరిది నాకన్నా కింద, కాళ్లు కొట్టుకుంటూ పోతున్నాడు. కాలికి తొడుక్కునే రెక్క, అదే ఫిన్, ఒకటి ఊడి నీలంలోకి వెళ్లిపోవడం కళ్లారా చూశాను. ఎలాగో నీళ్లలోని రాతి గోడవైపు వచ్చి వాడూ రాయి పట్టుకున్నాడు. వెట్‌సూట్ చేయి పైకి జరిగి అక్క కట్టిన రాఖీ తడిసి వేలాడుతోంది. రాయి రాయీ పట్టుకుంటూ ఏటవాలుగా పాక్కుంటూ పైకొచ్చాం. గైడ్ జాడ లేదు. బోటు మమ్మల్ని చూడటానికి ఇరవై నిమిషాలు పట్టింది.

ఒడ్డుకొచ్చాక క్షమాపణ చెబుతారనుకున్నాను. ఫిన్ల జతకు 8 లక్షలు కట్టమన్నారు! రెండో డైవ్ డబ్బులు కూడా వెనక్కివ్వలేదు. గంట పోట్లాడితే 5 లక్షలకు దిగారు. బావమరిది ఒక్క మాట కూడా మాట్లాడలేదు, వాడి చేతులు ఇంకా వణుకుతున్నాయి.

ఆ రాత్రి భోజనమే మమ్మల్ని మనుషుల్ని చేసింది. 35 వేలకు అన్నం, కాల్చిన చేప, పక్కన సంబల్ మతా. సన్నగా తరిగిన చిన్న ఉల్లిపాయలు, మిర్చి, నిమ్మగడ్డి, మీద వేడి కొబ్బరినూనె. మా ఆవిడ మూడుసార్లు అడిగి వేయించుకుంది.

రెండు రోజులాగి ఇంకో షాపుకు వెళ్లాం. 15.5 లక్షలు. ముందు ఆటుపోట్ల పట్టిక తీసి, ఇవాళ క్రిస్టల్ బే వద్దు, ఉత్తర తీరంలో సెంటల్‌కి పోదామంది అక్కడి ఇన్‌స్ట్రక్టర్. బోర్డు మీద బొమ్మ గీసి ముప్పావు గంట చెప్పింది. తేలడానికి వేసుకునే జాకెట్‌లో గాలి మొత్తం తీసేసి అందరూ ఒకేసారి దిగాలి, పైన తేలుతూ కూర్చుంటే తలొక దిక్కుకు కొట్టుకుపోతారు. కరెంట్‌కు ఎదురీదొద్దు, ఊపిరి అయిపోవడం తప్ప ఒరిగేదేం లేదు. అడ్డంగా ఈదాలి. నేలకు దగ్గరగా నీటి వేగం తక్కువ, అలసిపోతే అక్కడికి జారాలి. బుడగలు కిందికి పోతుంటే భయపడకుండా గోడ పట్టుకోవాలి, అది అందకపోతే గోడకు దూరంగా ఏటవాలుగా ఈదాలి. సిలిండర్‌లో గాలి ఒత్తిడి 70 బార్‌కు దిగితే సైగ చేయాలి. ఎస్సెంబీ తలా ఒకటి ఇచ్చి, లోతు లేని చోట రెండేసిసార్లు ఎగరేయించింది. గైడ్‌కు ఇద్దరమే.

ఆ డైవ్ మాత్రం... గోదావరి బ్రిడ్జి మీద రైల్లో కిటికీ పక్క సీటు దొరికినట్టే. నలభై ఐదు నిమిషాలు కాళ్లు ఆడించింది లేదు. పగడాలే మన పక్కనుంచి వెళ్లిపోతుంటాయి. ఒక తాబేలు ఆ వేగంలోనే నింపాదిగా మేస్తోంది. "బావా, ఇంకొకటి చేద్దామా?" అన్నాడు బోటెక్కగానే. అప్పటిదాకా నోరు విప్పని మనిషి.

కాబట్టి ధర అడిగే ముందు ఎస్సెంబీ తలా ఒకటి ఇస్తారా, గైడ్‌కు ఎంతమంది, ఇవాళ పోటు ఎన్నింటికి అని అడగండి. మూడోదానికి "నో ప్రాబ్లం" అంటే లేచి వచ్చేయండి.

అన్నట్టు, జతకు డబ్బులిచ్చాం కదా అని ఆ మొదటి షాపు నుంచి మిగిలిన ఫిన్ తెచ్చేసుకున్నాను. వాళ్లు ఇవ్వనన్నారు, మా ఆవిడ ఊరుకోలేదు. ఇప్పుడది మియాపూర్‌లో మా చెప్పుల స్టాండ్ మీద ఉంది, ఎడమ కాలిది.