నాగ్రా టేపులు: చాలా ఏళ్లు విన్నాక రాస్తున్న సమీక్ష

పాటల కోసమైతే వీటి జోలికి వెళ్లవద్దు. 1969 జనవరిలో బీటిల్స్ నలుగురూ (జాన్ లెనన్, పాల్ మెకార్ట్‌నీ, జార్జ్ హారిసన్, రింగో స్టార్) లండన్‌లో కెమెరాల మధ్య కూర్చుని కొత్త పాటలు కట్టుకుంటుంటే సినిమా బృందం పట్టుకున్న శబ్దం ఇది. ఆ షూటింగులో వాడిన చిన్న రీలు రికార్డరు పేరు నాగ్రా. సేకరించేవాళ్ల నోట టేపులకూ అదే పేరు స్థిరపడింది. వీటిని నేను మొదట క్యాసెట్ల మీద, తర్వాత సీడీల మీద, ఇప్పుడు హార్డ్ డిస్కు నుంచి వింటున్నాను. విన్న ప్రతిసారీ ఎక్కడో ఒకచోట విసుగొచ్చింది, అయినా మళ్లీ పెట్టుకున్నాను. ఎందుకో చెప్పడానికే ఈ సమీక్ష.

ముందుగా సరుకు ఏమిటో చూద్దాం. జనవరి 2 నుంచి 14 వరకు ట్వికెన్‌హామ్ ఫిల్మ్ స్టూడియోలో, 21 నుంచి 31 వరకు సావిల్ రోలో ఉన్న ఆపిల్ (బీటిల్స్ సొంత కంపెనీ) కార్యాలయం అడుగు అంతస్తులో వాళ్లు పని చేశారు. దర్శకుడు మైకేల్ లిండ్సే-హాగ్. కెమెరాలు రెండు, వాటికి తోడుగా నాగ్రాలు రెండు. ఒక్కో రీలు పదహారు నిమిషాల దాకా వస్తుంది. ఒకటి నిండిపోతుంటే రెండోది తిరుగుతూ ఉంటుంది కాబట్టి చాలాచోట్ల ఒకే సంభాషణ రెండు రీళ్ల మీదా దొరుకుతుంది. మధ్యమధ్య కెమెరాతో జత కుదిర్చే బీప్ శబ్దాలు, రీలు నంబరు చదివే సహాయకుడి గొంతు వినిపిస్తాయి. మొదట్లో చిరాకు పుట్టించే ఆ గొంతే తర్వాత ఆధారమవుతుంది. ఏ ముక్క ఏ రోజుది, దేని తర్వాత ఏది వచ్చింది అన్నది అభిమానులు తేల్చుకున్నది చాలావరకు ఆ నంబర్లతోనే.

ట్వికెన్‌హామ్ భాగం విలువ ఒక్క విషయంలో ఉంది. అక్కడ మల్టీట్రాక్ రికార్డింగు, అంటే గొంతులనూ వాద్యాలనూ విడివిడి ట్రాకుల మీద పట్టడం, జరగనే లేదు. ఆపిల్‌కు మారాక వాళ్ల రికార్డు కంపెనీ ఈఎంఐ నుంచి అరువు తెచ్చిన పరికరాలతో సౌండ్ ఇంజనీరు గ్లిన్ జాన్స్ ఎనిమిది ట్రాకుల టేపు మీద రికార్డు చేశాడు. 1970 మేలో వచ్చిన 'లెట్ ఇట్ బి' ఆల్బమ్ ప్రధానంగా ఆ టేపుల నుంచి తయారైంది. ట్వికెన్‌హామ్ రోజులకు మాత్రం ఈ మోనో నాగ్రాలే దిక్కు. ఎంత గొప్ప కంపెనీ ఎంత ఖరీదైన బాక్స్ సెట్ వేసినా అక్కడ లేని మైకును తెచ్చి పెట్టలేదు.

బయటికి వచ్చిన తీరు కూడా తెలిసి ఉండాలి, ఎందుకంటే సేకరించేవాళ్ల మధ్య టేపుల మార్పిడిలో మీ చేతికి ఏది వస్తుందన్నది దాని మీదే ఆధారపడుతుంది. 'కమ్ బ్యాక్' అనే తొలి బూట్‌లెగ్ (అనుమతి లేకుండా వేసి అమ్మే) ఎల్పీకి ఆధారం గ్లిన్ జాన్స్ మిక్స్ చేసిన డిస్కు. దానికీ నాగ్రాలకూ సంబంధం లేదు, రెండింటినీ కలిపి చెప్పేవాళ్లను నమ్మకండి. నాగ్రా శబ్దం డెబ్బైలలో 'స్వీట్ ఆపిల్ ట్రాక్స్' లాంటి ఎల్పీల మీద ముక్కలుముక్కలుగా వచ్చింది. సీడీల కాలంలో ఎల్లో డాగ్ అనే బూట్‌లెగ్ ముద్ర 'డే బై డే' పేరుతో 38 సంపుటాలు వేసింది. ఆ తర్వాత పర్పుల్ చిక్ అనే మారుపేరుతో అభిమానులు దొరికినదంతా రోజుల వరుసలో పేర్చి 'ఏ/బీ రోడ్' అని 83 సీడీలకు సరిపడా కూర్చారు. దాన్ని ఎవరూ అమ్మలేదు, ఉచితంగానే పంచారు. నా సేకరణకు ఇప్పటికీ వెన్నెముక అదే. 2003 జనవరిలో బ్రిటన్, నెదర్లాండ్స్ పోలీసులు దాడులు చేసి సుమారు 500 అసలు రీళ్లను పట్టుకున్నారు. అప్పటికే వాటి నకళ్లు ప్రపంచమంతా తిరిగేశాయి.

చట్టం విషయం దాచడం నాకు ఇష్టం లేదు. ఇవి అనుమతి లేని రికార్డింగులు. అమ్మడం మాట అటుంచి, నకలు తీసి పంచడం కూడా హక్కుల ఉల్లంఘనే. సేకరించేవాళ్లు తమకు తాము పెట్టుకున్న నియమం ఒకటుంది: డబ్బు చేతులు మారకూడదు. టేపుకు టేపు, డిస్కుకు డిస్కు. కొత్తగా వచ్చినవారి దగ్గర ఇవ్వడానికి ఏమీ ఉండదు కాబట్టి ఖాళీ డిస్కులు, తిరుగు తపాలా ఖర్చు పంపితే చాలు. ఆ నియమం చట్టం ముందు నిలవదని అందరికీ తెలుసు. కానీ అది లేకపోతే ఈ వ్యవహారం ఒక్క ఏడాది కూడా నడిచేది కాదు. వినోదమేమిటంటే, అభిమానులు ఉచితంగా ఇచ్చిపుచ్చుకున్న టేపులను బూట్‌లెగ్ వ్యాపారులు సీడీలు వేసి అమ్మారు, ఆ సీడీలను అభిమానులు మళ్లీ నకలు తీసి ఉచితంగా పంచారు. దొంగను దోచుకోవడం తప్పా ఒప్పా అని మేము గంటల తరబడి వాదించుకున్నాం. తేలలేదు.

ఇక నాణ్యత. క్యాసెట్ల కాలంలో ప్రాణమంతా జనరేషన్‌లోనే ఉండేది. అసలు టేపు నుంచి నేరుగా తీసిన నకలు మొదటి జనరేషన్, దాని నకలు రెండోది. ప్రతి మెట్టుకూ హిస్, అంటే టేపు బుసబుస, పెరుగుతుంది, పై స్థాయి శబ్దాలు మసకబారతాయి. డాల్బీ (హిస్ తగ్గించే ఏర్పాటు) పెట్టి రికార్డు చేసిన దాన్ని డాల్బీ లేకుండా, లేనిదాన్ని పెట్టి నకలు తీసినవాళ్ల పుణ్యాన కొన్ని క్యాసెట్లు దుప్పటి కప్పుకుని మాట్లాడుతున్నట్టు ఉండేవి. "రెండో జనరేషన్" అని జాబితాలో రాసి ఆరోదో ఏడోదో పంపిన మహానుభావుడు ఒకాయన నాకు బాగా గుర్తు. పేరు అనవసరం. ఆయన టేపుతో వచ్చిన మేలు ఏమిటంటే, ఎవరు ఏం రాసినా చెవితో తేల్చుకోవడం అలవాటైంది.

వేగం ఇంకో తలనొప్పి. ఒక్కో చేతిలో ఒక్కో క్యాసెట్ డెక్, ఒక్కో డెక్ మోటారుకు ఒక్కో నడక. నాలుగు చేతులు మారేసరికి పాల్ గొంతు పిల్లవాడి గొంతైపోతుంది. దీన్ని సరిచూడటానికి ఒక మంచి ఉపాయం ఉంది. బ్రిటన్‌లో కరెంటు 50 హెర్ట్జ్. గిటారు ఆంప్లిఫయర్ల నుంచి వచ్చే గుమ్మనే శబ్దం ఎక్కడో వెనుక సన్నగా ఉంటుంది. వాద్యాలు ఆగిన చోట ఆ ముక్కను కంప్యూటర్‌లో స్పెక్ట్రమ్ చూపించే ప్రోగ్రాములో తెరిస్తే 50 దగ్గర, 100 దగ్గర సన్నని గీతలు కనిపిస్తాయి. అవి 52, 104 దగ్గర ఉన్నాయంటే టేపు నాలుగు శాతం వేగంగా తిరుగుతోందన్నమాట. ఆ మేరకు తగ్గించండి, మనుషులు మళ్లీ మనుషుల్లా మాట్లాడతారు. నా దగ్గరున్న రోజులు చాలావాటిని ఇలాగే సరిచేసుకున్నాను. పాటల స్వరాన్ని బట్టి సవరించడం కన్నా ఇది నమ్మకమైన పద్ధతి, ఎందుకంటే ఆ గిటార్లు ఎప్పుడు శ్రుతిలో ఉన్నాయో ఎప్పుడు లేవో వాళ్లకే తెలియదు.

డిజిటల్ వచ్చాక జనరేషన్ బాధ తీరిందని సంబరపడ్డాం. దాని బదులు ఎంపీ3 బాధ మొదలైంది. ఎవరో ఎంపీ3ని సీడీగా రాస్తారు, దాన్ని ఇంకెవరో ఫ్లాక్ ఫైలుగా మార్చి లాస్‌లెస్ (శబ్దంలో ఏమీ పోనిది) అని పంచుతారు. పట్టుకోవడం కష్టమేమీ కాదు. అసలు టేపు హిస్ స్పెక్ట్రమ్‌లో పైదాకా పరుచుకుని ఉంటుంది. తక్కువ బిట్‌రేటు ఎంపీ3 గుండా వచ్చినది 16 కిలోహెర్ట్జ్ దగ్గర గోడ కట్టినట్టు ఆగిపోతుంది. మార్పిడిలో ఫైళ్లతో పాటు చెక్‌సమ్ (ఫైలు మారలేదని సరిచూసే అంకె) పంపడం, ఏ మూలం నుంచి ఏయే మెట్ల మీదుగా వచ్చిందో రాసిన చిన్న టెక్స్ట్ ఫైలు జత చేయడం మర్యాద. అది లేని ఫైళ్లను నేను ఉంచుకోను. అన్నిటికన్నా ప్రమాదకరమైనవి "మెరుగుపరిచిన" నకళ్లు. హిస్ తీసేస్తామని మొదలుపెట్టి డ్రమ్స్ సింబళ్ల మోతను నీళ్లలో బుడగల్లా చేసి వదిలిపెడతారు. హిస్‌కు చెవి పది నిమిషాల్లో అలవాటు పడుతుంది, బుడగలకు ఎప్పటికీ పడదు.

అంత కష్టపడి వింటే ఏముంది? జనవరి 7 పెట్టుకోండి. జాన్ ఇంకా రాలేదు. పాల్ బాస్ గిటారును మామూలు గిటారులా మీటుతూ ఒకే ఊపును పట్టుకుని లాగుతున్నాడు. మొదట మాటలు లేవు, గొంతులో ఏదో మూలుగు. కొన్ని నిమిషాలకు మూలుగులోంచి అచ్చులు విడివడతాయి, అచ్చుల చుట్టూ పదాలు పేరుకుంటాయి. జార్జ్, రింగో మెల్లగా అందుకుంటారు. 'గెట్ బ్యాక్' అనే పాట అంతకు ముందు లేదు, ఆ తర్వాత ఉంది. ఆ మధ్యలో గొప్ప క్షణం ఇదీ అని వేలు పెట్టి చూపగలిగింది ఏమీ లేదు. ఎన్నోసార్లు విన్నా పాట ఎక్కడ పుట్టిందో నాకు దొరకలేదు.

అదే పాట రెండు రోజుల తర్వాత వేరే దారి పట్టింది. వలస వచ్చినవారి గురించి కొన్ని చరణాలు పాడి చూశారు. బూట్‌లెగ్గుల మీద ఆ ముక్కను మాత్రమే కత్తిరించి రెచ్చగొట్టే పేరు పెట్టి అమ్మారు, చాలామంది బీటిల్స్ జాత్యహంకారులని నమ్మారు. 9వ తేదీ రీళ్లు వరుసగా వినండి. 1968 ఏప్రిల్‌లో బర్మింగ్‌హామ్‌లో వలసలకు వ్యతిరేకంగా ప్రసంగించిన బ్రిటిష్ రాజకీయ నాయకుడు ఈనక్ పావెల్‌ను పేరు పెట్టి ఎగతాళి చేస్తూ, కామన్వెల్త్ దేశాలను ప్రాసలో ఇరికిస్తూ పాడుతున్నారని తేటతెల్లమవుతుంది. ముక్కలుగా అమ్మే బూట్‌లెగ్గులంటే నాకు పడకపోవడానికి ఇదొక్కటి చాలు. జాబితాలో ఎనభై పాటలు కనిపిస్తాయి, వాటిలో సగం ఎవరో పాత రాక్ పాట పల్లవి సగం పాడి మరిచిపోయిన పదిహేను సెకన్లు.

6వ తేదీన 'టూ ఆఫ్ అజ్' సాధన చేస్తూ పాల్, జార్జ్ మాట పట్టింపుకు పోవడం 'లెట్ ఇట్ బి' సినిమాలో అందరూ చూసిందే. టేపు మీద దానికి ముందూ వెనుకా ఉన్న గంటలు వింటే అది తగవులా కాక, అలసిపోయిన సహోద్యోగుల మాటల్లా అనిపిస్తుంది. అసలు దెబ్బ వేరేచోట ఉంది. జార్జ్ 'ఆల్ థింగ్స్ మస్ట్ పాస్' తెచ్చి మళ్లీ మళ్లీ నేర్పిస్తాడు. ఎవరూ కాదనరు. వాయిస్తారు, కానీ మనసు పెట్టరు. 10న మధ్యాహ్న భోజనం వేళ అతను లేచి వెళ్లిపోయినప్పుడు మనకు ఆశ్చర్యం కలగదు. 1970లో ఆ పాట పేరే అతని మూడు ఎల్పీల సొంత ఆల్బమ్ పేరైంది.

అధికారికంగా వచ్చినవాటితో పోలిక తప్పదు. 2003లో 'లెట్ ఇట్ బి... నేకెడ్' వెంట ఇచ్చిన అదనపు డిస్కులో నాగ్రా ముక్కలు సుమారు 22 నిమిషాలు ఉన్నాయి. అది రుచి చూపించడానికి కూడా చాలదు. 2021 నవంబరులో పీటర్ జాక్సన్ తీసిన 'గెట్ బ్యాక్' సిరీస్ మాత్రం ఆటను మార్చేసింది. దాదాపు అరవై గంటల చిత్రం, నూట యాభై గంటల శబ్దం నుంచి ఎనిమిది గంటలకు దగ్గరగా తగ్గించాడు. కలిసిపోయిన గొంతులను, గిటార్లను కంప్యూటర్ నేర్పుతో విడదీశాడు. కెమెరాలకు తమ మాటలు చిక్కకుండా వాళ్లు కావాలని గిటార్లు గట్టిగా మోగించేవారట, ఇప్పుడు ఆ మోత కిందున్న మాటలు బయటపడ్డాయి. 13న పూలకుండీలో మైకు దాచి పట్టిన జాన్, పాల్ భోజనాల సంభాషణ నా నకలులో గిన్నెల చప్పుడుకు మించి పెద్దగా ఏమీ కాదు. సిరీస్‌లో స్పష్టంగా అర్థమవుతుంది. అక్కడ నాగ్రా నకళ్లు ఓడిపోయాయి, ఒప్పుకోవాలి. అయితే సిరీస్ అనేది కూర్పు. పది నిమిషాల తడబాటు అక్కడ పది సెకన్లు. తడబాటు కావాలంటే టేపులే గతి.

ఆపిల్ భాగానికి నేను తక్కువ మార్కులే వేస్తాను. 22న కీబోర్డు కళాకారుడు బిల్లీ ప్రెస్టన్ వచ్చి కీబోర్డు ముందు కూర్చున్నాక గదిలో గాలి మారడం వినిపిస్తుంది, అది బాగుంటుంది. తర్వాత మాత్రం ఒకే పాట టేకు మీద టేకు. వాటిలో మంచివి మల్టీట్రాక్ నుంచి మెరుగైన శబ్దంతో అధికారికంగా వచ్చేశాయి. 30న ఆపిల్ కార్యాలయం మేడ మీద వాళ్లు చేసిన కచేరీ కోసం బూట్‌లెగ్ వెతకడం ఇక దండగ.

మిగతా స్టూడియో టేకుల సేకరణ సంగతీ అంతే. 1988లో 'అల్ట్రా రేర్ ట్రాక్స్' సీడీలు వచ్చినప్పుడు ఈఎంఐ టేపులు అంత శుభ్రంగా వినడం అదే మొదలు. తర్వాత అధికారిక సంకలనం 'ఆంథాలజీ' వచ్చింది, వేర్వేరు టేకులు అతికించారని మేము సణిగాం. 2013 డిసెంబరులో బీటిల్స్ కంపెనీ ఆపిల్, ఐట్యూన్స్‌లో 1963 నాటి 59 ట్రాకులు హడావిడిగా విడుదల చేసింది. యాభై ఏళ్ల లోపు విడుదల కాని రికార్డింగులకు ఐరోపాలో పొడిగించిన రక్షణ వర్తించదు కాబట్టి ఆ తొందర. అధికారికంగా వచ్చిన ప్రతిదాన్నీ కొంటాను, కొన్నాక నా నకలును జాబితా నుంచి తీసేస్తాను.

కొత్తగా మొదలుపెట్టేవాళ్లు 83 డిస్కులూ ఒకేసారి అడగవద్దు. 7, 9, 10, 13 తేదీలు అడగండి, మూలం రాసిన టెక్స్ట్ ఫైలుతో సహా. ఇంకో మాట. 1967 జనవరిలో ఈఎంఐ స్టూడియోలో రికార్డు చేసిన 'కార్నివాల్ ఆఫ్ లైట్' అనే పద్నాలుగు నిమిషాల చిల్లర చప్పుళ్ల టేపు ఇంతవరకు బయటికి రాలేదు. ఆ పేరుతో తిరుగుతున్నవన్నీ నకిలీలు. ఎవరి జాబితాలోనైనా అది కనిపిస్తే మిగతా వరుసలు చదవనవసరం లేదు.