బోర్దోలో సీసా మీది రాతలు చదువుకుంటూ

ఫ్రాన్స్‌లోని బోర్దో ఎర్ర వైన్‌లో సాధారణంగా రెండు మూడు రకాల ద్రాక్షలు కలిసి ఉంటాయి. అయినా సీసా ముందువైపు వాటి పేర్లు చాలావరకు కనిపించవు. తోట పేరు, ప్రాంతం పేరు, పంట సంవత్సరం ఉంటే చాలనుకుంటారు. ఆ రాతల గుట్టు తెలుసుకోవాలన్న కోరికతోనే వెళ్లాం.

బస నగరంలోనే, సెయింట్ జాన్ రైల్వేస్టేషన్ పక్కన. గది ఇరుకు, కిటికీ తెరిస్తే ట్రామ్ చప్పుడు. అయినా పొద్దున్నే రైలెక్కడానికి అంతకన్నా వీలైన చోటు లేదు. దగ్గర్లోని వైన్ తోటల ఊరు సెయింట్ ఎమిలియన్‌లో ఉంటే సాయంత్రాలు బాగుంటాయి గానీ, స్టేషన్ ఊరికి దూరం. ఆ రాళ్ల సందుల ఎగుడుదిగుళ్లలో పెట్టెలు లాగడం మా వల్ల కాదు.

2016లో తెరిచిన సిటే దు వాన్ అనే వైన్ మ్యూజియానికి ఒక పూట చాలు. పై అంతస్తు నుంచి గరోన్ నదిని చూస్తూ, టికెట్టుతో వచ్చే గ్లాసు వైన్ తాగడం హాయిగా ఉంది. లేబుళ్ల సంగతి మాత్రం అక్కడ మాకు పెద్దగా బోధపడలేదు.

బోర్దోలోని మరో వైన్ ప్రాంతం మెడాక్‌కు వెళ్లిన బస్సు యాత్ర నిరాశపరిచింది. గైడు నోట 1855 నాటి తోటల వర్గీకరణ తప్ప మరో మాట లేదు. కాబర్నే, మెర్లో ద్రాక్షల్లో ఏది ఎంత అని అడిగితే కరపత్రం చేతిలో పెట్టాడు. డబ్బు దండగ.

అసలు పాఠం సెయింట్ ఎమిలియన్‌లో ఒక చిన్న తోటలో దొరికింది. యజమానురాలు రెండు సీసాలు పక్కపక్కన పెట్టారు. ఒకదాని మీద ‘గ్రాండ్ క్రూ’, రెండోదాని మీద ‘గ్రాండ్ క్రూ క్లాసే’. మొదటిది కాస్త కఠినమైన నిబంధనలున్న ప్రాంతీయ హోదా మాత్రమే. చాలా తోటలకు ఉంటుంది. ‘క్లాసే’ అని రాసుకోవాలంటే 1955లో మొదలై, సుమారు పదేళ్లకోసారి సవరించే జాబితాలో చోటు దక్కాలి. చివరి సవరణ 2022లో జరిగింది. కొనేవాళ్లలో ఎందరు ఆ చివరి మాట దాకా చదువుతారో!

తర్వాత పీపాల నుంచి మెర్లో, కాబర్నే ఫ్రాంక్ విడివిడిగా పోశారు. మెర్లో మెత్తగా, పండిన రేగు పండు వాసనతో ఉంది. రెండోది పచ్చి ఆకు ఘాటుతో నాలుకను పట్టేసింది. రెండూ ఒకే గ్లాసులో కలిపాక ఆ ఘాటే వైన్‌కు వెన్నెముక అయింది. పంటను బట్టి పాళ్లు ఏటా మారతాయి కాబట్టి ముందు లేబుల్ మీద వేయరట. వారి సీసా వెనక మాత్రం శాతాలు అచ్చువేశారు. ప్రధాన వైన్‌లోకి తీసుకోని పీపాలు వేరే పేరుతో రెండో వైన్‌గా వెళతాయి. మెడాక్‌లోని షాతో మార్గో తోట వారి పావియోన్ రూజ్ అలాంటిదే.

యూరప్‌లో ఒకే ద్రాక్ష పేరు వేస్తే అది కనీసం 85 శాతం ఉండాలి. రెండు మూడు వేస్తే వైనంతా వాటిదే కావాలి, ఎక్కువ పాలు ఉన్నది ముందు రావాలి. కాలిఫోర్నియాలో 75 శాతం చాలు. అక్కడ బోర్దో రకాలను కలిపి చేసేవారు తమ మిశ్రమానికి 1988లో ‘మెరిటేజ్’ అనే పేరు పెట్టుకున్నారు.

వెళ్లేవారికి నా సలహా: మెడాక్ బస్సు మానేసి, ఆ డబ్బు చిన్న తోటకు పెట్టండి. ముందుగా అడిగి సమయం తీసుకోవాలి. అదే ఊళ్లో రాతిని తొలిచి కట్టిన చర్చి ఉంది. గైడు లేకుండా లోపలికి పంపరు, ఆ టికెట్టు కూడా ముందే చూసుకోండి.